ఫాంటసీకి లాజిక్ అక్కర్లేదా?

“ఫాంటసీ సినిమా అండీ, లాజిక్ వెతక్కండి.” ఈ వారం ఒక ప్రీ రిలీజ్ వేడుకలో ఓ దర్శకుడు మైకు పట్టుకుని చెప్పిన మాట ఇది. హాలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. హీరోకి శక్తి ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పలేకపోయినా, ఇంటర్వెల్‌కి ముందు చచ్చినవాడు క్లైమాక్స్‌లో కారణం లేకుండా లేచొచ్చినా అన్నిటికీ ఇదొక్కటే జవాబైపోయింది. గ్రాఫిక్స్‌కి కోట్లు పోస్తారు, కథ మీద నాలుగు రాత్రులు కూర్చోరు. అడిగితే ఫాంటసీ అంటారు.

అసలు లాజిక్ అన్నిటికన్నా ఎక్కువ కావలసింది ఫాంటసీకే. కుటుంబ కథలో రచయిత చెప్పకుండా వదిలేసినవి మన అనుభవంతో మనమే పూరించుకుంటాం. బస్సు ఎలా నడుస్తుందో ఎవరూ వివరించక్కర్లేదు. రెక్కల గుర్రం సంగతి అలా కాదు. అది ఎవరి మాట వింటుందో, ఎప్పుడు ఎగరలేదో చెప్పి తీరాలి. హద్దు లేని మహిమ ఉన్నవాడికి ఆపదే రాదు. ఆపద రానివాడికి కథేముంటుంది?

ఇది హాలీవుడ్ వాళ్లు వచ్చి మనకు నేర్పాల్సిన పాఠం కాదు. పెద్దన మనుచరిత్ర చూడండి. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని ప్రవరుడు క్షణంలో హిమాలయాలకు చేరతాడు. అక్కడి మంచుకు ఆ పసరు కాస్తా కరిగిపోతుంది. ఇంటికి తిరిగి వెళ్లే దారి లేదు. వరూధిని ఎదురుపడటం, ఆమె మోహం, మాయాప్రవరుడు, స్వరోచి పుట్టుక, ఆ తర్వాత మనువు పుట్టుక అన్నీ ఆ కరిగిపోయిన పసరులోంచే వచ్చాయి. మందు కరగకపోతే ప్రవరుడు మంచుకొండలు చూసి భోజనం వేళకు ఇల్లు చేరేవాడు. కావ్యమే ఉండేది కాదు. బేతాళుడి కథల్లోనూ అంతే. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆ రెండు షరతుల మీదే అన్ని కథలూ నడిచాయి.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికి రాని విద్య లేదు. అయినా అమ్మవారి అనుగ్రహం దక్కాలంటే సాహసవంతుడైన కుర్రవాణ్ణి బలివ్వాలి. ఆ ఒక్క షరతు వల్లే తోటరాముడు కథలోకి వచ్చాడు, అదే షరతు మాంత్రికుడి తల మీదికీ వచ్చింది. చచ్చిన ఆ మాంత్రికుడు మళ్లీ లేచాడు కదా అంటారేమో. ఊరికే లేవలేదు. సంజీవని ఉంది, దాన్ని వాడటం తెలిసిన శిష్యుడు సదాజప ఉన్నాడు. రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి. రెడ్డి ప్రేక్షకుడికి ఇచ్చిన మర్యాద అది. డెబ్బయ్యేళ్ల తర్వాత కంప్యూటర్లు చేతిలో పెట్టుకుని ఆ మర్యాద ఎందుకు మానేశాం?

ఇక దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరెత్తకుండా ఈ విషయం ముగించలేను. 1954లో చందమామలో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు లాంటి సీరియళ్లు రాశారాయన. నెలకు కొన్ని పేజీలు, పక్కన చిత్రా గారి బొమ్మలు. నెల రోజులు ఆగి చదివే పిల్లవాడు కిందటి నెల ఏ గుహలో ఎవరు చిక్కుకున్నారో మరిచిపోడు. రచయిత తప్పితే పట్టుకుంటాడు. అలాంటి పాఠకుడికి ఏళ్ల తరబడి జవాబుదారీగా ఉన్న మనిషి, తెలుగు ఫాంటసీకి పెద్దదిక్కు. ఆ సీరియళ్లు గుటకలు వేస్తూ చదివిన వాళ్లలో చాలామందికి ఆయన పేరే తెలియదు. 2010లో పోయారు. ఒక్క విశ్వవిద్యాలయమైనా ఆయన రచనల్ని క్లాసులో పాఠంగా పెట్టాలని నా కోరిక.

ఫాంటసీ మాటను సినిమావాళ్లు మాత్రమే పాడుచేయలేదు. డబ్బు పెట్టి ఆడే పందేనికి ‘ఫాంటసీ క్రికెట్’ అని పేరు పెట్టి కుర్రాళ్ల జేబులు ఖాళీ చేశారు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద నిషేధం పెట్టాయి. కేంద్రం కళ్లు తెరిచి చట్టం చేసేసరికి 2025 ఆగస్టు వచ్చింది. ఊహ పేరుతో జూదం నడుస్తుంటే అన్నేళ్లు చూస్తూ కూర్చున్నాం.

పిల్లలు ఎందుకు ఆ ఆటలవైపు పోతున్నారని అడిగే పెద్దలకు నాదొక ప్రశ్న. వాళ్ల చేతికి ఇంకేమిచ్చాం? చందమామ ఆగిపోయింది, బొమ్మరిల్లు ఆగిపోయింది. ఉన్న గ్రంథాలయాల్లో పోటీపరీక్షల గైడ్లు తప్ప పిల్లల కథల పుస్తకం కనబడదు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం ప్రకారం అది పుస్తకాలకు, గ్రంథాలయాలకు చెందిన డబ్బు. దాన్ని వసూలు చేసిన మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా ఏళ్ల తరబడి బకాయి పెడుతున్నాయి. ఇది రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న జబ్బే. రోడ్డు గుంత పడితే ధర్నా చేసే మనం ఈ డబ్బు గురించి నోరెత్తం.

ఈసారి ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంత పడిందో చూడండి. ఊరంతా కలిపి ఎంత వసూలైంది, అందులో గ్రంథాలయానికి ఎంత చేరింది అని మీ కౌన్సిలర్‌ను నిలదీయండి. రాతపూర్వకంగా జవాబు అడగండి. ఆ బకాయి కక్కిస్తే, మీ ఊరి పిల్లలకు ఒక అల్మరా నిండా కథలు వస్తాయి.