ముసలి పిల్లికి పసరు ముందా, పరీక్ష ముందా?

పన్నెండేళ్ల పిల్లి వారానికి రెండుసార్లు కక్కుతుంటే ఇంట్లో మొదట వినిపించే మాట "పిల్లులన్నాక కక్కుతాయి" అని. నెల తిరిగేసరికి సలహాలు మొదలవుతాయి. పక్కింటావిడ వాము నీళ్లు పట్టమంటుంది. ఊళ్లోంచి ఫోన్ చేసిన బాబాయి శొంఠి పొడి నేతిలో రంగరించి నాలిక్కి రాయమంటాడు. వాట్సాప్‌లో ఎవరో కలబంద గుజ్జు మంచిదని పంపుతారు. మూలికల దుకాణంలో అతిమధురం చూర్ణం పొట్లం కట్టిస్తారు. ఎవరి మాటలోనూ చెడు ఉద్దేశం లేదు. తమ కడుపులో మంట తగ్గించిన మందు పిల్లి కడుపులోనూ అదే పని చేస్తుందనుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతుంది.

మూలికా వైద్యాన్ని మొత్తంగా తీసిపారేయాల్సిన పని లేదు. కానీ ముసలి పిల్లి విషయంలో దాని వంతు రోగమేమిటో తేలాకే రావాలి. ముందే వస్తే రెండు నష్టాలు. కొన్ని మూలికలు పిల్లికి నేరుగా హాని చేస్తాయి. మిగతావి హాని చేయకపోయినా, వైద్యానికి లొంగే దశలో ఉన్న రోగానికి ముదిరేంత గడువిస్తాయి. ఈ రెండో నష్టమే పెద్దది. పిల్లి ప్రాణం తీసింది ఫలానా కషాయమని ఎవరూ అనరు కాబట్టి అది లెక్కలోకి రాదు.

పదేళ్లు దాటిన పిల్లిని పశువైద్యులు వృద్ధాప్యంలో ఉన్నట్టే చూస్తారు. వాంతులు మూడు వారాలకు మించి సాగితే దీర్ఘకాలికం కింద లెక్క. ఆ వయసులో దీని వెనక ఉండే కారణాల జాబితా పొడవైనదే. మూత్రపిండాలు మెల్లగా దెబ్బతినడం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, క్లోమం వాపు, మధుమేహం, ఆహారం పడకపోవడం, పేగుల్లో దీర్ఘకాలిక వాపు, పేగు లింఫోమా అనే క్యాన్సర్. మలబద్ధకం కూడా వాంతులు తెప్పిస్తుంది. కొన్నిసార్లు అసలది వాంతే కాకపోవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లి మెడ చాచి, నేలకు కరుచుకుని దగ్గుతుంటే వెంట్రుకల ఉండ కక్కబోతోందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఇన్నింటికీ కలిపి ఒకే చూర్ణం ఎలా సరిపోతుంది?

వెంట్రుకల ఉండ అన్న మాట ఎంత మోసం చేస్తుందో అమెరికాలోని టెక్సస్ పశువైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. తరచూ వాంతులు, విరేచనాలు, బరువు తగ్గడం వంటి లక్షణాలుండి, స్కానింగ్‌లో చిన్నపేగు గోడ మందంగా కనిపించిన 100 పిల్లుల పేగు ముక్కలను వాళ్లు పరీక్షించారు. 99 పిల్లుల్లో జబ్బు బయటపడింది. 49 పిల్లులకు దీర్ఘకాలిక పేగు వాపు, 46 పిల్లులకు లింఫోమా. పైకి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. అదే వాంతి, అదే చిక్కిపోవడం. వైద్యం మాత్రం వేరు. పేగు వాపు ఉన్న పిల్లుల్లో చాలావాటికి ఆహారం మారిస్తేనే గుణం కనిపిస్తుంది. నెమ్మదిగా పెరిగే రకం లింఫోమా అయితే ప్రెడ్నిసొలోన్, క్లోరాంబుసిల్ మాత్రలతో చాలా పిల్లులు రెండేళ్లకు పైగా హాయిగా బతుకుతాయి. పన్నెండేళ్ల పిల్లికి రెండేళ్లంటే తక్కువ ఆయుష్షు కాదు.

థైరాయిడ్ సంగతి ఇంకా విచిత్రం. పిల్లుల్లో ఈ జబ్బును న్యూయార్క్ వైద్యులు 1979లో తొలిసారి గుర్తించారు. ఇది వచ్చిన పిల్లి బాగా తింటుంది, చురుగ్గా తిరుగుతుంది, రాత్రిళ్లు అరుస్తుంది, అప్పుడప్పుడూ కక్కుతుంది, బరువు మాత్రం తగ్గిపోతుంది. తింటోంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. చిక్కిపోతోందని బలానికి అశ్వగంధ కలిపేవాళ్లూ ఉంటారు. అశ్వగంధ వాడిన మనుషుల్లో కొందరికి థైరాయిడ్ హార్మోన్లు పెరిగినట్టు వైద్య పత్రికల్లో కేసులు నమోదయ్యాయి. అసలే ఆ హార్మోన్ పొంగిపొర్లుతున్న పిల్లికి అలాంటి మందు బలం కోసం ఇవ్వడమంటే మంటలో నెయ్యి పోయడమే. ఒక్క రక్తపరీక్షతో బయటపడే జబ్బు ఇది. రోజూ వేసే మాత్రతో అదుపులో ఉంటుంది.

అతిమధురానిదీ ఇదే కథ. ఎక్కువ రోజులు తీసుకుంటే మనుషుల్లో రక్తపోటు పెరుగుతుందని, పొటాషియం పడిపోతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. మూత్రపిండాలు దెబ్బతిన్న ముసలి పిల్లుల్లో అధిక రక్తపోటు, పొటాషియం తగ్గుదల రెండూ తరచూ కనిపిస్తాయి. కడుపు చల్లబడుతుందని ఇచ్చే చిటికెడు పొడి ఏ వైపు తోస్తుందో పరీక్ష చేయకుండా ఎవరు చెప్పగలరు?

అసలు తేడా పిల్లి కాలేయంలో ఉంది. ఫినాల్ జాతి పదార్థాలు లోపలికి వస్తే మనిషి కాలేయం వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా చేసి మూత్రంలో పంపేస్తుంది. ఈ పనికి అవసరమైన ముఖ్య ఎంజైముల్లో ఒకటి యూజీటీ1ఏ6. దాని జన్యువు పిల్లుల్లో చెడిపోయి మూగబోయింది. పులి, సింహాల్లోనూ అంతే. లక్షల ఏళ్లుగా మాంసమే తిన్న జాతికి మొక్కల్లోని రసాయనాలను విరిచే అవసరం రాక ఆ జన్యువు పాడైందని శాస్త్రవేత్తల అంచనా. మనకు మామూలుగా ఉండే 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణం ఇదే.

ఇప్పుడు వంటింటి వైపు చూస్తే సంగతి తెలుస్తుంది. వాముకు ఆ ఘాటు వాసననిచ్చే థైమాల్, లవంగంలోనూ తులసిలోనూ ఉండే యూజెనాల్ రెండూ ఫినాల్ జాతివే. ఆకు ఒకటి కొరికితే పిల్లి పడిపోతుందని కాదు. కానీ లవంగ నూనె, యూకలిప్టస్ నూనె, పుదీనా నూనె లాంటి గాఢమైన తైలాలు పిల్లి నోట్లోకి, ఒంటిమీదకి వెళ్లడం ప్రమాదం. ఒళ్లు నాక్కునే జంతువు కాబట్టి పొట్టమీద రాసిన తైలం కాసేపటికి పొట్టలోకే చేరుతుంది. వెల్లుల్లి, ఉల్లి మరో రకం విషాలు. ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి. నులిపురుగులు పోతాయని వెల్లుల్లి రసం పట్టించేవాళ్లూ, నీరసంగా ఉందని ఉల్లి వేసిన కోడికూర పులుసు పోసేవాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇక కలబంద. దాని తొక్క కింద ఉండే పసుపుపచ్చ జిగురు విరేచనకారి. పిల్లులకు వాంతులు, విరేచనాలు తెప్పించే మొక్కల్లో కలబంద కూడా ఉంది.

మొక్కల దారి పిల్లికే బాగా తెలుసని కొందరి వాదన. దానికి సాక్ష్యంగా గడ్డి మేయడాన్ని చూపిస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు వెయ్యికి పైగా పిల్లుల యజమానులను అడిగి 2019లో చెప్పిన సంగతి వేరు. గడ్డి తినే పిల్లుల్లో అత్యధిక భాగం అంతకుముందు జబ్బుగా ఏమీ లేవు. తిన్నాక తరచూ కక్కేవి నాలుగోవంతుకు కాస్త ఎక్కువ. గడ్డి మేయడం పిల్లికి పుట్టుకతో వచ్చిన అలవాటు, వైద్యం కాదన్నమాట.

మన దొడ్లలో ఇంకా మంచి ఉదాహరణ ఉంది. కుప్పింటాకు మొక్కను పీకితే చాలు, వేరు వాసనకు పిల్లులు పరిగెత్తుకొస్తాయి, దాన్ని కొరుకుతాయి, దానిమీద పొర్లాడతాయి. పిల్లికి అంత ఇష్టమైన ఆ మొక్క మన నాటు వైద్యంలో దేనికి వాడారు? పిల్లల గుండెల్లో కఫం పేరుకుంటే ఆకు పసరు పోసి కక్కించడానికి. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న మనుషులు ఈ ఆకుతో చేసిన గంజి తాగి ఎర్ర రక్తకణాలు పగిలి ఆస్పత్రి పాలైన సందర్భాలు శ్రీలంకలో నమోదయ్యాయి. ఇష్టంగా తినడం వేరు, మందుగా పనిచేయడం వేరు.

ఒక జంతువుకు ఔషధమైనది ఇంకోదానికి ఎంత చేటో భారతదేశం చాలా ఖరీదుగా నేర్చుకుంది. పశువులకు నొప్పి తగ్గించిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను చంపేసింది. రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, 2006లో పశువైద్యంలో ఆ మందును కేంద్రం నిషేధించింది. అది రసాయన మందు, మూలిక కాదు నిజమే. కానీ జాతి మారితే మందు మారుతుందన్న సూత్రానికి మూలికలేమీ మినహాయింపు కావు. జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) ఆవుల పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపిన పూతను ప్రోత్సహిస్తోంది. పాడి రైతుకు చవకగా దొరికే మార్గమది, యాంటీబయాటిక్స్ వాడకం తగ్గించడానికి అలాంటి ప్రయత్నం అవసరమే. అయితే అది ఆవుకు, అదీ పొదుగు మీద రాసే పూత. దాని పేరు చెప్పి నాలుగు కిలోల పిల్లి కడుపులోకి కలబంద పంపడం కుదరదు. మన ప్రాచీన పశువైద్యంలోనూ గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు అని విడివిడిగా చెప్పుకున్నారు. ఏ జంతువు శాస్త్రం దానిదే అని ఆనాటివాళ్లకే తెలుసు.

మూలికల వైపు మొగ్గే మనసును తక్కువ చేయకూడదు. ఈ వయసులో దాన్ని సూదులతో, స్కానింగులతో ఎందుకు హింసించాలన్నది ప్రేమతో వచ్చే ప్రశ్న. కానీ హింస ఎక్కడుంది? రోజుకు మూడుసార్లు గుడ్డలో చుట్టి, నోరు తెరిచి, చేదు కషాయం సిరంజితో పోస్తే పిల్లి నురగ కక్కుతుంది, పెనుగులాడుతుంది. ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఆముదం, నెయ్యి లాంటి జిడ్డు పదార్థాలతో ఈ ముప్పు మరీ ఎక్కువ. మరోవైపు వికారాన్ని అణిచే మారోపిటాంట్ ఇంజెక్షన్ ఉంది. పిల్లులు బరువు పెరగడానికి చెవి లోపలి చర్మానికి రాసే మిర్టాజపిన్ పూతమందును అమెరికా 2018లో అనుమతించింది. మూత్రపిండాల జబ్బున్న పిల్లుల్లో మిర్టాజపిన్ ఆకలి పెంచి వాంతులు తగ్గించినట్టు అంతకుముందే పరిశోధనలో తేలింది. చెవికి పూసే మందు, గొంతులో పోసే కషాయం రెండింట్లో ఏది సౌమ్యమో పిల్లిని అడిగితే తడుముకోదు.

ఖర్చు మాట మాత్రం నిజం. రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, పొట్ట స్కానింగ్ ఒకేసారి చేయించాలంటే మధ్యతరగతి ఇంటికి బరువే. మన ప్రభుత్వ పశువైద్యశాలల వ్యవస్థ పాడి పశువులు, గొర్రెలు, మేకల చుట్టూ అల్లుకున్నది. అది సహజం కూడా. చిన్న పట్టణాల్లో పిల్లి జబ్బులు బాగా తెలిసిన డాక్టరు దొరకడం కష్టం. వాము నీళ్లు గెలిచేది ఈ ఖాళీలోనే. అందుకే పరీక్షలనూ అంచెలంచెలుగా చేయించుకోవడం మేలు. పసిపిల్లల తూకం మీద వారానికోసారి బరువు చూడటానికి పైసా ఖర్చు లేదు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. ఎన్నిసార్లు కక్కింది, తిన్న వెంటనేనా, పరగడుపునా, నీళ్లు ఎక్కువ తాగుతోందా అన్నవి రాసిపెట్టుకుని, ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు సగం దారి దొరుకుతుంది. ఆ తర్వాత రక్తం, మూత్రం పరీక్షలు. స్కానింగ్, బయాప్సీ అవసరమైతేనే. ఈలోగా పాలు, పెరుగన్నం మానేయాలి. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు.

రోగమేమిటో తెలిశాక మొక్కలకూ చోటుంది. మలబద్ధకం వల్ల కక్కే పిల్లికి డాక్టరు చెప్పిన మోతాదులో ఇసబ్‌గోల్ మేలు చేయవచ్చు. ఉప్పూకారం లేని ఉడికించిన గుమ్మడి కొద్దిగా కలపవచ్చు. అమెరికాలో పిల్లుల యజమానులు ఎక్కువగా నమ్మే స్లిపరీ ఎల్మ్ బెరడు పొడి జిగురుగా మారి పేగులకు పూతలా పనిచేస్తుందంటారు. అయితే ఆ జిగురు మిగతా మందులను ఒంటికి పట్టనివ్వకపోవచ్చు కాబట్టి రెండింటి మధ్యా ఎడం ఉండాలి. ఇవన్నీ పక్కవాద్యాలే. పిల్లి ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే, వాంతిలో రక్తం కనిపిస్తే, చిగుళ్లు పచ్చబడితే చిట్కాలకు సమయం లేదు. తిండి మానేసిన పిల్లి కాలేయానికి కొవ్వు పట్టడం రోజుల్లోనే మొదలవుతుంది.

ఈ బాధ్యతంతా యజమాని మీదే వేయడం న్యాయం కాదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఆయుర్వేద మందుల నిర్వచనంలో మనుషులతో పాటు జంతువులనూ చేర్చింది. కానీ జంతువులు అన్న ఒక్క మాటలో ఆవు, కుక్క, పిల్లి కలిసిపోతున్నాయి. పెంపుడు జంతువుల కోసమని అమ్మే ప్రతి మూలికా సీసా మీద దాన్ని ఏ జంతువులో, ఎంత మోతాదులో పరీక్షించారో తెలుగులోనూ రాయాలని నియమం పెట్టాలి. పిల్లుల్లో పరీక్షించకపోతే ఆ మాటే అచ్చు వేయాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు మన ఇళ్లలో వాడే పది మూలికలను తీసుకుని పిల్లులకు ఏది ముప్పో, ఏది కాదో ఒక్క పేజీలో తేల్చి చెబితే చాలు, అది ప్రతి మందుల దుకాణం గోడకూ పనికొస్తుంది. పశువైద్యశాలల్లో పదేళ్లు దాటిన పిల్లికి బరువు, రక్తపోటు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు కలిపి ఒకే తక్కువ ధరకు చేసే రోజు నెలకొకటి పెట్టినా చాలామంది కషాయం గిన్నె పక్కనపెట్టి ముందు అక్కడికే వస్తారు.