బూడిద లేని నెగడు

పుష్యమాసం చలికి గాంధారి వైపు ఊళ్లలో తెల్లవారుజామున వాకిళ్ల ముందు నెగళ్లు కనిపిస్తాయి. పత్తికట్టె, మక్క బెండ్లు, విరిగిన మంచం కోడు... చేతికేది దొరికితే అది అందులో పడుతుంది. చుట్టూ నలుగురు చేరతారు. ఒకరు పుల్ల ఎగదోస్తారు. ఇంకొకరు పొగ తనవైపే వస్తోందని చోటు మారతారు. పొగ కూడా ఆయన వెంటే మారుతుంది.

అలాంటి వాకిలి నుంచి డల్లాస్‌లో ఉన్న కొడుకింటికి వెళ్లే తల్లికి అక్కడి హాల్లో ఓ వింత ఎదురుకావచ్చు. గోడలో అద్దం బిగించిన గూడు. అందులో పరిచిన నీలిరంగు గాజు ముక్కలు. మనవడు మీట నొక్కగానే వాటి మధ్య నుంచి మంట లేస్తుంది.

“గిదేం అగ్గిరా బిడ్డా! కట్టె లేదు, పొగ లేదు. గాజు పెంకులు కాలుతున్నయా ఏంది?”

కాలడం లేదు. అడుగున సన్నటి రంధ్రాలున్న స్టీలు గొట్టం ఉంటుంది. అదే బర్నరు. మండేది అందులోంచి వచ్చే గ్యాస్. గాజు పని ఆ గొట్టాన్ని కనపడకుండా దాచడం, మంటను అక్కడక్కడా చీల్చి అందంగా పరచడం. అంతే. పెళ్లిమండపంలో పూలదండల వెనక వెదురు బొంగులు దాచినట్టన్నమాట.

అలాగని పగిలిన సీసా తెచ్చి పోస్తే కుదరదు. ఈ పనికి వాడేది టెంపర్డ్ గాజు. దాన్ని 600 డిగ్రీలు దాటేవరకు కాల్చి, ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ దెబ్బకు గట్టిపడుతుంది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా పటికబెల్లం పలుకుల్లాంటి చిన్న ముక్కలవుతుంది. కార్ల పక్క అద్దాలు పగిలినప్పుడు రోడ్డు మీద కనిపించేవి ఇలాంటివే. మామూలు సీసా గాజు ఆ వేడికి చిట్లి ఎగిరిపడుతుంది. వాగులో ఏరుకొచ్చిన గులకరాళ్లు మరీ ప్రమాదం. వాటిలో దాగిన తేమ ఆవిరై రాయినే పేల్చేస్తుంది.

మంట రంగులోనూ ఓ తమాషా ఉంది. వంటింట్లో పొయ్యి పసుప్పచ్చగా మండితే మెకానిక్కును పిలుస్తారు. అక్కడ నీలిమంటే ఆరోగ్యం. అలంకారపు పొయ్యి కొనేవారు మాత్రం పసుపు మంట రాలేదని మెకానిక్కును పిలుస్తారు! గ్యాస్‌కు గాలి కాస్త తక్కువగా అందితే అందులోని కర్బన రేణువులు ఎర్రగా కాగి వెలుగుతాయి. పసుపు రంగు అదే. గాలి మరీ తగ్గిందా, ఆ రేణువులే మసిగా మారి గాజు మీద కూర్చుంటాయి. సిలిండర్ గ్యాస్‌తో ఈ బెడద ఎక్కువ. అందుకే దానికి గాలిని కలిపే చిన్న అమరిక వేరే పెడతారు. గాజు కూడా బర్నరును కప్పేంత, అంగుళం మందాన పోస్తే చాలు. ముచ్చటగా ఉందని గంపెడు పోస్తే మంటకు ఊపిరాడదు.

గది లోపలి పొయ్యికి ఇంతకన్నా ముఖ్యమైంది పొగగొట్టం. పొగ కనపడలేదని లోపల ఏమీ పుట్టడం లేదనుకోకూడదు. మంట ఉన్నచోట గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కుంపటి పెట్టుకొని, తలుపులు బిగించుకొని పడుకున్నవారు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు చలికాలంలో పత్రికల్లో వస్తూనే ఉంటాయి. అమెరికాలో కొత్త ఇళ్లలో ఎక్కువగా పెట్టే గ్యాస్ పొయ్యికి ముందు అద్దం పూర్తిగా మూసి ఉంటుంది. బయటి గాలిని పీల్చుకుని, కాలిన వాయువును మళ్లీ బయటికే పంపుతుంది. కట్టెల కోసం కట్టిన పాత పొయ్యిలో గ్యాస్ బర్నరు పెట్టుకుంటే, పొగగొట్టం మూత ఎప్పటికీ పూర్తిగా మూసుకోకుండా బిగింపు వేయాలి. ముందున్న అద్దం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో దాని ముందు జాలీ తప్పదు.

ఈ అలంకారం అక్కరకొచ్చిన రోజులూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు ముంచెత్తి, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కరెంటు లేకున్నా వెలిగే గ్యాస్ పొయ్యి ఉన్నవారు దాని ముందే పరుపులు వేసుకున్నారు. అది లేనివారిలో కొందరు బొగ్గుల గ్రిల్లును ఇంట్లోకి తెచ్చుకున్నారు, ఇంకొందరు గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్నారు. చలిని తప్పించుకోబోయి ఆ వాసన లేని గాలికి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

అక్కడ ముచ్చటపడ్డ కొడుకులు ఊళ్లో కొత్త ఇల్లు కట్టేటప్పుడు పెరట్లో ఓ గాజు నెగడు కావాలంటారు. చిక్కంతా అక్కడే. డల్లాస్ ఇంటికి గొట్టంలో వచ్చేది సహజవాయువు. అది గాలికన్నా తేలిక. లీకైతే పైకి లేచి పోతుంది. ఊళ్లో గ్యాస్ అంటే సిలిండరే. అందులోది ఎల్పీజీ. గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నీళ్లలాగే పల్లానికి పారుతుంది. నెగడు కోసం తవ్వేదేమో గొయ్యి! మంట ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంటే అది గోతిలో చేరి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తుంది. గాలిలో రెండు శాతం కలిసినా అంటుకోవడానికి చాలు.

కాబట్టి సిలిండర్‌తో అయితే గొయ్యి ఆలోచన మానుకొని నేలకు పైన ఇటుకల దిమ్మె కట్టించడం మేలు. దిమ్మెకు అడుగున, ఎదురెదురుగా రెండు కిటికీలు వదలాలి. వాననీళ్లు పోయే తూమును బయటికి తెరిచి ఉంచాలి తప్ప మూసిన మోరీలో కలపకూడదు. మంట ఆరితే గ్యాస్‌ను తనంతట తానే ఆపేసే వాల్వు ఉన్న బర్నరే కొనాలి. అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చిన బర్నరైతే అది ఏ గ్యాస్‌కు చేసిందో చూడాలి. సహజవాయువు జెట్ రంధ్రం పెద్దది. దానికి సిలిండర్ తగిలిస్తే మంట మీసాలు కాల్చేంత లేస్తుంది. సిలిండర్ మంటకు దూరంగా, నిటారుగా ఉండాలి. గాజు కింద రబ్బరు ట్యూబు పనికిరాదు, లోహపు గొట్టమే వేయాలి. అతుకుల దగ్గర సబ్బునీళ్లు పూసి, బుడగలు రాకపోతేనే మొదటిసారి వెలిగించాలి. వాసన వస్తే స్విచ్చుల జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి, 1906కు ఫోన్ చేయాలి.

లెక్క కూడా చూసుకోవాలి. గంటకు 60,000 బీటీయూల వేడినిచ్చే నెగడు కిలోన్నరకు కాస్త తక్కువ గ్యాస్ తాగుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ పది గంటల్లో ఖాళీ. చిన్న కుటుంబానికి నెల వంట అది. పైగా ఇంటి సిలిండర్ వంటకే ఇచ్చింది, నెగడుకు వాడకూడదు. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఎందరో ఆడవాళ్లు మొదటిసారి గ్యాస్ పొయ్యి వెలిగించారు. సిలిండర్‌ను పాయసం చేసే రోజు కోసం దాచుకున్న ఇళ్లూ ఉన్నాయి. పది గంటల లెక్క విన్న ఆ తరం తల్లి, గాజు నెగడు పక్కన పెట్టి పత్తికట్టె అంటిస్తానంటే కాదనడం కష్టం.

ఇంతా చేసి పెట్టుకున్నాక పని పెద్దగా ఉండదు. ఏడాదికోసారి గ్యాస్ కట్టేసి, పొయ్యి చల్లారాక గాజు ముక్కలన్నీ బయటికి తీయాలి. వెనిగర్ కలిపిన నీళ్లలో కడిగి, తడి లేకుండా ఎండబెట్టి మళ్లీ పోయాలి. డల్లాస్ కోడలు అలా టబ్బులో గాజు కడుగుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని చూస్తుంది.

“అగ్గిని గూడ కడుగుతరా బిడ్డా! మా దిక్కు బూడిదతోని గిన్నెలు తోముతం.”