సగం ఓటమి మన మనసులోనే

పెద్ద కాలేజీ జట్టు ఎదురుపడగానే మనం సగం ఓడిపోతాం. మిత్రులారా, అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2007 సెప్టెంబర్ 1న ఏం జరిగిందో చూడండి. 5వ ర్యాంకులో ఉన్న మిషిగన్ యూనివర్సిటీని, లక్షమందికి పైగా ప్రేక్షకుల మధ్య, దాని సొంత మైదానంలోనే, కింది డివిజన్ జట్టు అపలాచియన్ స్టేట్ 34-32తో ఓడించింది. అప్పట్లో మిషిగన్ డివిజన్‌లో జట్టుకు 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. వీరి డివిజన్‌లో 63 మాత్రమే ఉండేవి. అందుకే బలంతో తలపడలేదు. ఆటగాళ్లను మైదానమంతా విస్తరించి, వేగంతో ఆడారు. చివరి క్షణాల్లో 3 పాయింట్ల కోసం మిషిగన్ తన్నిన బంతిని అడ్డుకున్నారు.

సాయంత్రం ఎవరిళ్లకు వారు వెళ్లిపోయే జట్లకు దొరకనిది మనకుంది: ఒకే హాస్టల్, రోజూ కలిసి సాధన. లేనివి లెక్కపెట్టడం మాని, ఉన్నదానితో బరిలోకి దిగుదాం!