వెయ్యి రూపాయల పింఛను: నిజంగా మారినదేమిటి, మారనిదేమిటి

"ఈపీఎస్ పింఛను నెలకు 7,500 అయింది, వచ్చే నెల నుంచే జమ" అనే సందేశం షోలాపూర్ తెలుగు వాడల ఫోన్లలో మళ్లీ తిరుగుతోంది. మన సంఘం పింఛనుదారుల సమావేశంలో సభ్యులందరూ ముందు అడిగేది దీని గురించే. జవాబు సూటిగా చెబుతాం. కాలేదు. 2014 సెప్టెంబరు 1న కనీస పింఛను 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. ఈ వ్యాసం రాసే నాటికీ అదే వెయ్యి. అయితే ఈ మధ్య కొన్ని సంగతులు నిజంగానే మారాయి. పుకారు సందడిలో వాటిని చాలామంది పట్టించుకోవడం లేదు. అందుకే ఈ వివరం.

ముందు 7,500 అనే అంకె ఎక్కడిదో చూద్దాం. 1995 నవంబరు 16న మొదలైన ఈపీఎస్ పథకంలో లెక్క ఇది: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించాలి. జీతానికి పరిమితి 15,000. ఆ పరిమితి జీతం మీద 35 సంవత్సరాల సర్వీసు లెక్కకొస్తే పింఛను సరిగ్గా 7,500 అవుతుంది. పింఛనుదారుల సంఘాలు దీన్నే అందరికీ కనీస మొత్తంగా ఇవ్వాలని, దానిమీద కరువు భత్యం కూడా కలపాలని ఏళ్లుగా ఆందోళన చేస్తున్నాయి. అది కోరిక, ఉత్తర్వు కాదు. కోరికను ఉత్తర్వులా రాసి పంపేవారి వల్లనే ఈ గందరగోళం.

మన వాళ్ల లెక్క ఎలా ఉంటుందో చూడండి. బీడీ కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1977లోనే వర్తింపజేశారు. ఇంటి దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా దాని కిందికే వస్తారని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కయితే వచ్చింది గాని, కాగితం మీద చూపిన కూలి తక్కువ. జీతం లెక్క 2,500, సర్వీసు 15 ఏళ్లు అనుకుంటే 536 రూపాయలు వస్తుంది. దాన్ని వెయ్యికి పెంచి ఇస్తున్నారు. మరమగ్గాల కార్ఖానాలో 6,500 జీతం మీద 20 ఏళ్లు పనిచేసిన మనిషికి ఇదే సూత్రంతో 1,857. రెండేళ్ల అదనపు సర్వీసు కలిపితే రెండు వేలు దాటుతుంది, అంతే.

ప్రభుత్వం పార్లమెంటులో పలుమార్లు ఇచ్చిన జవాబుల సారం కూడా తెలుసుకోవాలి. ఈ నిధికి యజమాని వాటా నుంచి 8.33 శాతం, కేంద్రం నుంచి 1.16 శాతం వస్తాయి. భవిష్యత్తులో చెల్లించాల్సిన దానికి ఈ నిధి చాలదని లెక్కల్లో తేలిందని, వెయ్యి ఇవ్వడానికే బడ్జెట్ నుంచి అదనంగా పెడుతున్నామని ప్రభుత్వం అంటోంది. మా మాట ఏమిటంటే, నిధి కష్టం నిజమే కావచ్చు. కాని ధరలతో ముడిపెట్టని పింఛను ఏటేటా కరిగిపోతుంది. ప్రభుత్వోద్యోగి పింఛనుకు ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం సవరిస్తారు. బీడీ చుట్టిన చేతికి 2014 నుంచి ఒక్క రూపాయి పెరగలేదు. ఈ తేడాకు నిధి లెక్క ఒక్కటే సమాధానం కాదు. చెల్లించే శక్తి లేని కార్మికుడి వాటాను ప్రభుత్వం భరించాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని మన ఎంపీ దగ్గర, రాజకీయ పక్షాల దగ్గర అడగాలి. ఫోన్లో సందేశాలు పంపుకుంటే తేలేది కాదు.

2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన అధిక పింఛను తీర్పు గురించి కూడా అడుగుతున్నారు. అది పరిమితికి మించిన జీతం మీద చందా కట్టిన వారి సంగతి. మన బీడీ, మగ్గం కార్మికుల్లో చాలామందికి అది వర్తించదు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఇక నిజంగా మారినవి.

ఒకటి, 2025 జనవరి నుంచి పింఛను చెల్లింపు దేశమంతా ఒకే కేంద్రీకృత పద్ధతిలోకి వచ్చింది. ఏ బ్యాంకులోనైనా, ఏ బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు. కొడుకు దగ్గరికి భీవండికో, కూతురి దగ్గరికి సిరిసిల్లకో వెళ్లి ఉండేవారు పింఛను కాగితాలను ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు మార్పించుకునే పని లేదు.

రెండు, జీవన ప్రమాణ పత్రం. ఇక్కడ బ్యాంకుల్లో దీన్నే "హయాతీచా దాఖలా" అంటారు. నవంబరులోనే ఇవ్వాలన్న నియమం ప్రభుత్వ పింఛనుదారులది. ఈపీఎస్ వారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. గడువు దాటితే పింఛను ఆగుతుంది, ఇచ్చాక బకాయితో సహా వస్తుంది. ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి, నూలు పట్టిన వేళ్ల ముద్రలు యంత్రానికి అందవు. అలాంటివారు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి పత్రం తీసుకోవచ్చు. కదలలేనివారి ఇంటికి పోస్టుమాన్ వచ్చి చేసే సేవ కూడా ఉంది. ఈపీఎస్ వారికి ఆ ఖర్చును ప్రావిడెంట్ ఫండ్ సంస్థే భరించేలా 2025 నవంబరులో ఒప్పందం జరిగింది.

మూడు, వైద్యం. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయవందన కార్డు 2024 అక్టోబరు చివరి నుంచి ఇస్తున్నారు. కుటుంబంలోని 70 దాటిన వారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స. ఆధార్ ఉంటే చాలు. పాతదే అయినా చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ కింద ఉండి వయసు రీత్యా రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఆ వైద్యం కొనసాగుతుంది.

చివరిగా, మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు పేర్లది. మనం ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాస్తాం. ఇక్కడి రికార్డుల్లో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటిపేరు మూడూ పూర్తిగా ఉంటాయి. బీడీ కార్డు మీద పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, బ్యాంకులో ఇంకో రకం. 58 ఏళ్లు నిండి దరఖాస్తు పెట్టినప్పుడు ఇది బయటపడి నెలల తరబడి ఆగుతుంది. అప్పటికి కార్ఖానా మూతపడితే సంతకం పెట్టే యజమానీ దొరకడు. కాబట్టి 50 దాటిన ప్రతి ఒక్కరూ ఇప్పుడే, యజమాని ఉండగానే సరిచేయించుకోవాలి. పింఛను కాగితంలో భార్య పేరు ఉందో లేదో కూడా చూసుకోండి. భర్త పోయాక ఆమెకు ఆయన పింఛనులో సగం, కనీసం వెయ్యి రావాలి. పేరు లేకపోతే ఆ దుఃఖంలో ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మన సంఘం చేయగలిగింది ఇదే: నిజమైన వార్త తెలుగులో చెప్పడం, మరాఠీ, ఇంగ్లీషు ఫారాలు నింపడంలో తోడుండటం. ఆధార్, బ్యాంకు పుస్తకం, పీపీఓ కాగితం నకళ్లు తీసుకుని సమావేశానికి రండి. చదువు రాని పక్కింటి పెద్దమ్మను కూడా వెంట తీసుకురండి.