జెండా ఎవరిది?

క్రీడలకును రాజకీయములకును పొత్తు లేదని ఒలింపిక్ పెద్దలు తఱచుగా సెలవిచ్చుచుందురు. కాని క్రీడాకారుని బరిలోనికి విడుచుటకు ముందు "నీ దేశమేది?" అని యడుగువారును వారే. ఆ ప్రశ్నకు తన దేశము పేరు చెప్పుకొన వీలులేనివారి గతి యేమి? కొసొవో దేశపు జూడో వీరాంగన మైలిందా కెల్మెండి చరిత్రము చదివినవారికి ఈ ప్రశ్న యెంత బరువైనదో తెలియగలదు.

ఈమె 1991లో పేయా పట్టణమున జన్మించెను. 1998-99 సంవత్సరముల యుద్ధము ఆమె బాల్యముననే సంభవించెను. గురువు ద్రితోన్ కూకా యుగోస్లావియా జూడో వీరులలో నెన్నదగినవాడయ్యును, ఆ దేశము చీలిపోవుచున్న దినములగుటచే 1992 నాటి బార్సెలోనా పోటీలకు పోజాలకపోయెను. తనకు దక్కని యవకాశమును శిష్యులకు దక్కింపవలెనని ఆయన తన యూరిలోనే శిక్షణకు పూనుకొనెను.

2008లో కొసొవో స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. ఒలింపిక్ సంఘము మాత్రము గుర్తింపు నీయలేదు. అందుచే 2012లో లండనులో కెల్మెండి అల్బేనియా పక్షమున పోరవలసివచ్చెను, పతకము దక్కలేదు. మఱుసటి యేట 52 కిలోల తరగతిలో కొసొవో పేరుననే ప్రపంచ విజేత యయ్యెను. 2014లో రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరమున మరల గెలిచెను. కాని కొసొవోను గుర్తింపని యా దేశమున ఆమెకై యెగురవేసినది అంతర్జాతీయ జూడో సమాఖ్య జెండా! గెలుపు ఆమెది, జెండా మఱియొకరిది. ఇతర దేశముల పక్షమున పోరుమని పిలుపులు వచ్చినను ఆమె పోలేదు. ఎదిరి తోపునే తన బలముగ మార్చుకొనుట జూడోలోని నేర్పు. లోకుల నిరాకరణమును సైతము ఆమె అట్లే వాడుకొనెను.

2014 డిసెంబరులో ఒలింపిక్ సంఘము తలయొగ్గెను. 2016లో రియో క్రీడలకు కొసొవోనుండి వెళ్లినవారు ఎనమండుగురు. వారికి ముందు జెండా పట్టి నడచినది కెల్మెండియే. ఆగస్టు 7వ తేదీన ఇటలీ యువతి ఒడెత్ జుఫ్రీదాను ఓడించి ఆమె తన దేశమునకు తొలి ఒలింపిక్ పతకమును, అదియును స్వర్ణమును, ఆర్జించెను. 1948లో లండనున బ్రిటను హాకీ జట్టును 4-0 గా నోడించి మువ్వన్నెల జెండా నెగురజేసిన దేశము మనది. కొసొవో ప్రజల యానందబాష్పములకు మనకు వ్యాఖ్యాన మక్కఱలేదు.

అయినను ఒక్కరి భుజములపై దేశగౌరవమంతయు మోపి కరతాళములు చేయుట సులభము. 2021లో జరిగిన టోక్యో పోటీలలో కెల్మెండి తొలి పోరులోనే యోడి, ఆ యేడే పోటీలనుండి విరమించెను. కొసొవో జూడో అంతటితో నాగిపోయెనా? అదే టోక్యోలో పేయా పట్టణమువారే యగు దిస్త్రియా క్రాస్నిచి, నోరా జకోవా యిరువురును స్వర్ణపతకములు గెలిచిరి. 2024లో పారిస్ నుండి జూడోలోనే మఱి రెండు పతకములు వచ్చినవి.

జెండాకు గుర్తింపు తీర్మానములవలన లభింపవచ్చును. దానిని పైకెత్తి నిలుపునది చిన్న యూరిలోని శిక్షణశాల, దానిని విడువని గురువు. విజేతలకు పూలహారములు వేయ తొందరపడు మన పెద్దలు తాళము పడియున్న వ్యాయామశాల నొక్కదానిని తెఱపించిన, అదియే దేశమునకు నిజమైన సత్కారమని మేము మనవి చేయుచున్నాము.