వాపు తీస్తే వ్యాధి తీసినట్లేనా?

ఏడవ మాసం నిండేసరికి గర్భిణికి పాదాలు, ముఖం ఉబ్బినచో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు ఇళ్ళలో పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేవి గలిజేరాకు, పల్లేరుకాయల కషాయం, బార్లీ నీళ్ళు. నాలుగు రోజులకు వాపు తీసిందంటే ‘నీరు దిగింది, గండం గడిచింది’ అని ఊరట చెందుతారు. ఆ ఊరట ఎంతవరకు సమంజసమో ఆయుర్వేదాభిమానులమైన మనమే ముందుగా ప్రశ్నించుకోవలసి ఉన్నది.

మన పెద్దలు గుర్రపువాతమని భయపడిన మూర్ఛలకు పూర్వరూపమే ప్రీ ఎక్లాంప్సియా. గర్భధారణ జరిగిన 20 వారాల పిమ్మట రక్తపోటు 140/90 గాని, అంతకు మించి గాని పెరిగి, దానితోపాటు మూత్రంలో మాంసకృత్తులు పోవుట గాని, కాలేయము, మూత్రపిండములు, మెదడు వంటి అవయవాలు దెబ్బతినుట గాని దీని లక్షణము. ఒకప్పుడు వాపును కూడా ప్రధాన లక్షణంగా లెక్కించేవారు. ఆరోగ్యవంతులైన గర్భిణులలో సైతం వాపు సాధారణమే కనుక 2000 సంవత్సరం నాటికి వైద్యులు దానిని నిర్వచనం నుండి తొలగించారు. కావున వాపు ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. వాపు తీసినంత మాత్రాన వ్యాధి తీసినట్లూ కాదు.

మందు పనిచేసిందని చెప్పడానికి మరి దేనిని కొలవాలి? ఈ చిక్కు ఆధునిక వైద్యులకూ తప్పలేదు. ఈ వ్యాధి చికిత్సపై జరిగిన 79 పరిశోధనలను పరిశీలించగా వాటిలో 119 వేర్వేరు ఫలితాలను కొలిచినట్లు 2017లో తేలింది. ఒకరు రక్తపోటును, మరొకరు శిశువు బరువును, ఇంకొకరు మూర్ఛలను కొలిచినచో ఆ ఫలితాలను ఒకచోట చేర్చి బేరీజు వేయడం సాధ్యమా? సేరుతో కొలిచిన ధాన్యాన్ని, గజంతో కొలిచిన గుడ్డను కలిపి కూడినట్లే కదా!

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 56 దేశాలకు చెందిన వైద్యులు, పరిశోధకులు, ఈ వ్యాధిని స్వయంగా అనుభవించిన స్త్రీలు పాల్గొని, తప్పక కొలవవలసిన 22 ఫలితాల పట్టికను 2020లో వెలువరించారు. తల్లికి సంబంధించినవి 14: మరణం, మూర్ఛలు, పక్షవాతం, చూపు పోవుట, ఊపిరితిత్తులలో నీరు చేరుట, మూత్రపిండాల హఠాత్ వైఫల్యం, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం మొదలైనవి. శిశువుకు సంబంధించినవి 8: మృతశిశు జననం, ఎన్నవ వారంలో పుట్టినది, బరువు, శ్వాసకు సహాయం అవసరమైనదా మొదలైనవి. ఆ పట్టికలో వాపు లేదన్న సంగతి పాఠకులు గమనించగలరు.

సరియైన ఫలితాన్ని కొలిచినప్పుడు సత్యం ఎంత స్పష్టంగా బయటపడుతుందో 2002లో వెలువడిన మాగ్పై పరిశోధన నిరూపించింది. 33 దేశాలలో పదివేల మందికి పైగా స్త్రీలపై జరిగిన ఆ పరిశోధనలో మెగ్నీషియం సల్ఫేటు వలన మూర్ఛలు సగానికి పైగా తగ్గినట్లు తేలింది. అది వాపు తీసే మందు కాదు. మూర్ఛను ఆపే మందు.

ఇక మన శాస్త్రం మాటకు వద్దాము. సుశ్రుతుడు గర్భిణికి ఆరవ మాసంలో పల్లేరుతో సిద్ధం చేసిన నేతిని గాని, యవాగువును గాని విధించాడు. అది మాసానుమాసిక పరిచర్యలో భాగము. దానిపట్ల మనకు గౌరవం ఉండవలసినదే. అయితే పల్లేరు, గలిజేరు ఈ వ్యాధిని నివారించగలవని చెప్పదలచినవారు పాదాల చుట్టుకొలతతో సరిపెట్టుకోరాదు. ‘దోషము, అగ్ని, బలము మా కొలమానాలు, పరాయి పట్టిక మాకెందుకు?’ అని కొందరు వైద్యులు అడుగవచ్చు. వాటిని కూడా కొలవండి, కాదనేవారు లేరు. కాని తల్లి బ్రతికినదా, మూర్ఛ వచ్చినదా, బిడ్డ క్షేమమా అన్న ప్రశ్నలు ఏ శాస్త్రానికీ పరాయివి కావు.

మన ప్రాంతానికి ఈ కొలతల అవసరం మరింత ఎక్కువ. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎందరినో పీడిస్తున్నది. మునుపే మూత్రపిండాలు దెబ్బతిన్న స్త్రీ గర్భవతియైనచో, ఆమె రక్తపోటు, మూత్రంలోని మాంసకృత్తులు పాత వ్యాధివో, కొత్త ఉపద్రవానివో తెలియడం కష్టం. తొలి మాసాలలోనే రక్తపోటు, మూత్రపరీక్ష, క్రియాటినిన్ వ్రాసి ఉంచితేనే తేడా తెలుస్తుంది. అట్లే సీతంపేట, సాలూరు కొండలపై నుండి డోలీలో దిగి, ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి, చివరకు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి చేరే తల్లి విషయంలో, ప్రతిచోటా ఒకే తీరున వివరాలు వ్రాయనిచో ఆమె కథ మధ్యలోనే తెగిపోతుంది. అటువంటి తల్లులు లెక్కకు రాకపోతే వారికి పనికివచ్చే చికిత్సా తేలదు.

అందుచేత మా మనవి ఇది. గర్భిణులపై పరిశోధన చేసే ఆయుర్వేద కళాశాలలు ఈ 22 ఫలితాలను తమ సిద్ధాంత వ్యాసాలలో తప్పనిసరి చేయాలి. గృహవైద్యంపై వ్రాసే మావంటి వారు వాపు తగ్గుదలను విజయంగా చాటరాదు.

ఇంటి పెద్దలకు ఒక్క మాట. గలిజేరు కూర వండినా, వండకపోయినా రక్తపోటు చూపించడం మానకండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, డొక్క పైభాగంలో నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపించినచో కషాయం కాచుతూ కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలపాటు ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరడమే ఏ వైద్యానికైనా గీటురాయి.