మూట విప్పే ముందు

వియ్యాలవారింటి నుంచి సారె మూట వచ్చిందనుకోండి. సావిట్లో పెట్టి విప్పుతాం. ఒక పొట్లం మీద "దీనిని ఇనప్పెట్టెలో ఉంచవలెను" అని రాసి ఉందని, ఇంట్లో కుర్రవాడు మారుమాటాడకుండా తీసుకెళ్లి పెట్టేస్తే ఊరుకుంటామా? మన ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో చెప్పడానికి పొట్లం ఎవరు?

కంప్యూటర్లలోనూ ఈ మూటలున్నాయి. ఫోటోలు, లెక్కలు, దరఖాస్తులు ఒక్కటిగా కుదించి పంపితే, అందుకున్నవారు విప్పుకుంటారు. ఈ పనికి విన్‌రార్ లోకప్రసిద్ధం. మూటలోని ప్రతి ఫైలు పేరుతోపాటు అది చేరవలసిన చోటు కూడా రాసి ఉండవచ్చు. రెండు చుక్కలూ ఒక ఏటవాలు గీతా పెడితే "ఒక మెట్టు పైకి పో" అని అర్థం. అలా నాలుగు మెట్లెక్కితే మనం చూపిన ఫోల్డరు దాటి ఎక్కడికైనా పోవచ్చు! ఆ చిరునామాను పరీక్షించి హద్దులో ఉంచవలసింది విప్పే సాఫ్ట్‌వేరే.

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు విన్‌రార్‌లో ఇటువంటి లోపాన్నే బయటపెట్టారు. ఏస్ అనే పాతరకం మూటలు విప్పడానికి అందులో వేరేవారు రాసిచ్చిన ఒక చిన్న భాగం ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఫైలు పేరును ఒక వంకర పద్ధతిలో రాస్తే, అది మనం చూపిన చోటును పక్కకు నెట్టి, పేరులోని చిరునామాకే ఫైలును చేర్చేది. దుండగులు స్టార్టప్ ఫోల్డరు చిరునామా రాశారు. మనం కంప్యూటరులో ప్రవేశించినప్పుడల్లా అందులో ఉన్నది తనంత తానే నడుస్తుంది. విప్పినవారికి కనపడేవి మామూలు కాగితాలే. దొంగ మర్నాడు పొద్దున లేస్తాడన్నమాట!

విడ్డూరమేమంటే, బాగుచేద్దామంటే ఆ భాగం సోర్స్ కోడ్ విన్‌రార్ వారి దగ్గరే లేదు. చేసేదిలేక 5.70 వెర్షన్‌లో దాన్ని తీసిపారేసి, ఏస్ మూటలకు స్వస్తి చెప్పారు.

పీడ అంతటితో విరగడ కాలేదు. 2025 జూలైలో ఇసెట్ సంస్థవారు మరో సందు కనిపెట్టారు. అప్పటికే ఉద్యోగ దరఖాస్తుల వేషంలో విషపు మూటలు ఐరోపా, కెనడా కంపెనీలకు వెళుతున్నాయి. దరఖాస్తు చదవడం ఆఫీసులో నిత్యకృత్యం. అనుమానించేదెవరు? జూలై 30న విడుదలైన 7.13 వెర్షన్ ఆ సందును పూడ్చింది.

అయితే మరమ్మతు జరిగినంత మాత్రాన మన ఇంట్లోది బాగుపడదు సుమా! విన్‌రార్ తనంత తాను కొత్తది తెచ్చుకోలేదు. మనమే తెచ్చి పెట్టుకోవాలి. హెల్ప్ మెనూలో వెర్షన్ సంఖ్య కనపడుతుంది. 7.13 కన్నా తక్కువైతే, తయారీదారుల సొంత సైటు నుంచి తాజాది దింపుకోండి. పిల్లల పరీక్ష కాగితాలు, పెద్దల బ్యాంకు లెక్కలు ఒకే కంప్యూటరులో ఉండే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. అడగని మూట ఎవరి పేరుతో వచ్చినా, వారికి ఫోను చేసి కనుక్కున్నాకే ముడి విప్పండి.